యానిమల్ పార్క్‌లో ఒక్క రోజు: పాస్‌లో మా ఆవిడ పేరు రావట్లేదు, ఎవరైనా చెప్పండి

కొత్తకాపురం:
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్నా, ఇప్పుడు పదకొండు దాటింది. ఎల్లుండి నేనూ మా ఆవిడా యానిమల్ పార్క్‌కి వెళ్తున్నాం. పెళ్ళయి ఎనిమిది నెలలైంది, ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరకడం ఇదే మొదటిసారి. అమెరికాలో ఫ్లోరిడాలోని టాంపాలో మా కజిన్ ఇంట్లో దిగాం. క్యూలో గంటలు గంటలు నిలబడకుండా పాస్ తీసుకుందామంటే నా పేరొక్కటే చూపిస్తోంది, ఆమె పేరు రావట్లేదు. యాప్ తీసేసి మళ్ళీ వేశా, ఫోన్ ఆపి ఆన్ చేశా, కజిన్ ఫోన్లో కూడా చూశా. ఎక్కడిదక్కడే ఉంది. పైగా నాకు కావాల్సిన పెద్ద రైడ్ ఆ లిస్టులోనే లేదు. ఉదయం ఎన్నింటికి బయల్దేరాలో, ముందు ఏది చూడాలో కూడా చెప్పండి. వీడియోలు చూస్తే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, కొంచెం త్వరగా చెప్పగలరు.

టాంపా_వాసి:
మా ఊరికి వచ్చారు, సంతోషం! అసలు టెన్షన్ పడాల్సిన పనే లేదు. బుష్ గార్డెన్స్ 1959 నుంచి ఉన్న పార్క్. జంతువులూ రైడ్‌లూ రెండూ ఇంత బాగా కలిసిన చోటు నేనైతే ఇంకోటి చూడలేదు. ముందు ఐరన్ గ్వాజీ రోలర్ కోస్టర్ ఎక్కండి. 2022లో తెరిచారు, 206 అడుగుల ఎత్తు, గంటకు 76 మైళ్ళ వేగం. కొండ మీద నుంచి కిందికి వాలేటప్పుడు సీట్లోంచి లేచిపోయినట్టు ఉంటుంది. తర్వాత చీటా హంట్. పదిన్నరకల్లా ఆ రెండూ అయిపోతే రైలెక్కి సెరెంగేటీ మైదానం చుట్టి రావచ్చు. 65 ఎకరాల్లో జిరాఫీలూ జీబ్రాలూ తిరుగుతూ కనిపిస్తాయి. మీ ఆవిడ పేరు రాకపోతే గేటు దగ్గర కౌంటర్లో అడగండి, చూస్తారు.

ఒక్కమాట:
ఏ పార్క్?

కొత్తకాపురం:
అదే అన్నా, డిస్నీ వాళ్ళ యానిమల్ కింగ్‌డమ్. యానిమల్ పార్క్ అంటే అదొక్కటే అనుకున్నా.

ఒక్కమాట:
అయితే పై జవాబు మీకు పనికిరాదు. ముందు సఫారీ.

టాంపా_వాసి:
టాంపాలో దిగామన్నారు, యానిమల్ పార్క్ అన్నారు. ఎవరైనా బుష్ గార్డెన్స్ అనే అనుకుంటారు కదండీ. పార్క్ పేరు మొదటి లైన్లోనే రాసి ఉంటే బాగుండేది. మీరనే పార్క్ ఓర్లాండో వైపు, టాంపా నుంచి కార్లో గంటకు పైనే. ఉదయం ఐ-4 రోడ్డు మీద ట్రాఫిక్‌ని తక్కువ అంచనా వేయకండి.

ఓర్లాండో_అక్క:
తమ్ముడూ, ఒక్కొక్కటే చూద్దాం. టికెట్లు ఎలా కొన్నారు? రెండూ ఒకేసారి, ఒకే అకౌంట్‌లోనా? ఆ సంగతి రాయలేదు నువ్వు.

కొత్తకాపురం:
లేదక్కా. నాది నేను తీసుకున్నా. ఆమెకు వాళ్ళ ఆఫీసు డిస్కౌంట్ ఉందని ఆమె విడిగా కొనుక్కుంది. టికెట్ ఆమె ఈమెయిల్‌కి వచ్చింది. దాంట్లో ఏమైనా ఇబ్బందా?

ఓర్లాండో_అక్క:
అదేనమ్మా అసలు విషయం. ఆమె టికెట్ ఆమె ఈమెయిల్లోనే ఉండిపోతే నీ అకౌంట్‌కి ఆమె ఎవరో తెలియదు. టికెట్ జతపడని మనిషికి పాస్ ఇవ్వదు, పేరు కూడా చూపించదు. ముందు ఆమె ఫోన్లో కూడా యాప్ వేసుకుని, తన ఈమెయిల్‌తో లాగిన్ అయ్యి, తన టికెట్ నంబర్ ఎక్కించమను. తర్వాత నీ యాప్‌లో ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ అనే చోటికి వెళ్ళి ఆమెకు ఆహ్వానం పంపు. ఆమె ఒప్పుకోగానే ఇద్దరూ ఒకే జట్టుగా కనిపిస్తారు. ఆ తర్వాతే పాస్ సంగతి. యాప్ ఎన్నిసార్లు తీసి వేసినా లాభం లేదు.

ఇక పెద్ద రైడ్ అన్నావు, ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజే కదా? అది మల్టీ పాస్ లిస్టులో ఉండదు. దానికి సింగిల్ పాస్ విడిగా కొనాలి.

కొత్తకాపురం:
సింగిల్ పాస్ చూశానక్కా. కానీ అది ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి అనుకుని వదిలేశా. మేం ఇద్దరం కదా!

ఒక్కమాట:
సింగిల్ అంటే ఒక రైడ్. ఒక మనిషి కాదు.

పదకోశం:
ఈ పేర్లతో తికమక పడేది మీరొక్కరే కాదు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా. ఒకప్పుడు ఫాస్ట్‌పాస్ ఉండేది. 2021లో అది పోయి జీనీ ప్లస్ వచ్చింది. 2024 జులైలో దాన్నీ తీసేసి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్, సింగిల్ పాస్ అని పెట్టారు. మల్టీ పాస్‌తో మూడు రైడ్‌లకు ముందే టైమ్ ఎంచుకోవచ్చు. ఒకటి అయ్యాక ఇంకోటి తీసుకోవచ్చు. బాగా గిరాకీ ఉన్న ఒక్క రైడ్‌ కోసం కొనేది సింగిల్ పాస్. ఇద్దరు వెళ్తే ఇద్దరికీ కొనాలి. సింగిల్ రైడర్ అనేది మళ్ళీ వేరే. డబ్బు కట్టక్కర్లేదు. బండిలో ఎక్కడైనా ఒక సీటు మిగిలితే ఒంటరి మనిషిని పిలిచి కూర్చోబెడతారు. దానికోసం వేరే క్యూ ఉంటుంది. భార్యాభర్తలు ఆ క్యూలో వెళ్తే ఒకరు ముందు బండిలో, ఒకరు వెనక బండిలో పడతారు.

ఇంకో మాట. యానిమల్ పార్క్ అన్నారు కాబట్టి చెబుతున్నా. ఇది జూ కాదు, థీమ్ పార్క్. 1998 ఏప్రిల్ 22న, ధరిత్రి దినోత్సవం నాడు తెరిచినప్పుడు వాళ్ళే ‘ఇది జూ కాదు’ అనే అర్థం వచ్చేలా ఒక మాట కల్పించి ప్రచారం చేసుకున్నారు.

పక్షిమిత్ర:
క్షమించండి, జూ కాదంటే నేను ఒప్పుకోను. అమెరికాలో జూలకూ అక్వేరియంలకూ గుర్తింపు ఇచ్చే సంఘం దీనికీ గుర్తింపు ఇచ్చింది. జంతువుల డాక్టర్లు ఉన్నారు, పిల్లలు పుట్టించి కాపాడే కార్యక్రమాలున్నాయి. ప్రచారం కోసం వాడిన మాటను పట్టుకుని జంతువుల పక్షాన జరుగుతున్న పనిని చిన్నది చేయకూడదు. అక్కడ బెలూన్లు అమ్మరు, తాగడానికి ప్లాస్టిక్ స్ట్రా ఇవ్వరు. ఎందుకు? గాలికి కొట్టుకుపోయి ఏ జంతువు నోట్లోనైనా పడితే ప్రాణం మీదికొస్తుందని. దయచేసి మీరు కూడా బయటి నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు తీసుకెళ్ళకండి.

అడిగినవారికి నా సలహా ఒక్కటే. ఉదయం పార్క్‌లో ఆసియా అనే భాగం వైపు నడుస్తున్నప్పుడు గిబ్బన్ల (తోకలేని, కోతుల్లాంటి జంతువులు) కేకలు వినిపిస్తే ఆగండి. రైడ్ కోసం పరుగెత్తకండి. గిబ్బన్లు జంటగా పాడతాయి. ఆడదీ మగదీ ఒకదాని పాటను ఇంకోటి అందుకుంటూ వెళ్తాయి. ఆడదాని గొంతు సన్నగా మొదలై పైపైకి లేచి, చివర్న జలజలా దొర్లుతుంది. అది ఆగీ ఆగకముందే మగది అందుకుంటుంది. నేను మొదటిసారి విన్నప్పుడు చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే నిలబడిపోయాను. కొత్తగా పెళ్ళయినవాళ్ళు అంత దూరం వెళ్ళి అది వినకుండా వస్తే నాకు బాధగా ఉంటుంది.

పదకోశం:
గుర్తింపు ఉందని నాకూ తెలుసండీ. థీమ్ పార్క్‌గా కట్టారు, జూగా నడుపుతున్నారు అంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ జూ అనుకుని వెళ్ళినవాళ్ళు సింహాన్ని బోను ముందు నిలబడి చూడొచ్చనుకుంటారు. ఇక్కడ ట్రక్కు ఎక్కాలి, అది ఎక్కడ కనిపిస్తే అక్కడే చూడాలి. సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం. అరబ్బీ సఫర్ నుంచి వచ్చింది. మన హైదరాబాద్‌లో సఫర్ అంటే ఏంటో చెప్పనక్కర్లేదు కదా.

టాంపా_వాసి:
మైదానంలో జంతువుల్ని చూడాలంటే మా సెరెంగేటీ ఏం తీసిపోదు. ఆ మాట ఎవరూ అనట్లేదు.

ఒక్కమాట:
అడిగింది అది కాదు. టాంపా నుంచి వస్తున్నారు కాబట్టి ముందు ప్రవేశం లేదు. ముందు సఫారీ, చివర్లో ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్.

కొత్తకాపురం:
ముందు ప్రవేశం అంటే? చివర్లో అంటే ఎన్నింటికి? నేను గేటు తీయగానే ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌కి పరుగెత్తి, తర్వాత ఎవరెస్ట్ రోలర్ కోస్టర్, తర్వాత కాలీ ర్యాపిడ్స్ నీళ్ళ రైడ్ అని రాసుకున్నా. సఫారీ మధ్యాహ్నం తిన్నాక పెట్టా. ఆమెకు సఫారీ ఇష్టం, నాకు రైడ్‌లు ఇష్టం. ఎలాగూ ఆమె పెద్ద రైడ్‌లు ఎక్కలేనంటోంది. తిరుమల కొండ ఎక్కేటప్పుడే రెండో మలుపుకి నిమ్మకాయ వాసన చూస్తూ కళ్ళు మూసుకుంటుంది.

ఓర్లాండో_అక్క:
తమ్ముడూ, ఈ మాట ఇప్పుడా చెప్పేది! ఘాట్ రోడ్డుకే అలా అయ్యే అమ్మాయికి ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ సింగిల్ పాస్ కొనేస్తే ఆ డబ్బు పోయినట్టే. కొనేశావా?

కొత్తకాపురం:
ఇంకా లేదక్కా. పేరే రావట్లేదు కదా.

ఓర్లాండో_అక్క:
బతికిపోయావు. విను. మోషన్ సిక్‌నెస్ ఎందుకొస్తుందంటే, కళ్ళు ఒకటి చెప్తాయి, చెవి లోపలి భాగం ఇంకోటి చెప్తుంది. ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్‌లో మోటార్ సైకిల్ మీద కూర్చున్నట్టు కూర్చుంటారు, నడుం వెనక నుంచి పట్టు వేస్తారు, ఎదురుగా పెద్ద తెర. కళ్ళకి కొండల మీద నుంచి లోయలోకి దూకినట్టు కనిపిస్తుంది, ఒళ్ళు మాత్రం ఉన్నచోటే కొంచెం అటూ ఇటూ కదులుతుంది. ఆ తేడాకే కడుపులో తిప్పుతుంది. కళ్ళు మూసుకుంటే తగ్గుతుంది, కానీ కళ్ళు మూసుకోవడానికి అంత డబ్బు ఎందుకు? ఎవరెస్ట్ వేరే రకం. నిజంగానే కదులుతుంది, అయితే మధ్యలో చీకట్లో వెనక్కి వెళ్తుంది. అదీ ఆమెకు పడదు. మాత్రలు ఉన్నాయి కానీ చాలావాటికి నిద్రొస్తుంది, బయల్దేరే ముందే వేసుకోవాలి. ఏది పడుతుందో మందుల షాపులో ఫార్మసిస్టును అడిగి తీసుకోండి. ఏదో ఒకటి మింగించకు.

పక్కనే నావీ రివర్ జర్నీ ఉంది. పడవ నెమ్మదిగా వెళ్తుంది, చీకట్లో మెరిసే చెట్ల మధ్య నాలుగైదు నిమిషాలు. అది ఇద్దరూ కలిసి హాయిగా ఎక్కొచ్చు. సఫారీ ట్రక్కు మట్టిరోడ్డు మీద బాగా కుదుపుతుంది. ముందు వరుస ఇవ్వమని అడుగు, ఆమెను దూరంగా చూడమను. ఫోన్లోకి వంగి ఫొటోలు సరిచూసుకుంటూ కూర్చుంటే మాత్రం తిప్పుతుంది.

ముందు ప్రవేశం అంటే, డిస్నీ హోటళ్ళలో దిగినవాళ్ళని అరగంట ముందు లోపలికి పంపిస్తారు. వాళ్ళలో చాలామంది ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ ఉండే పండోరా అనే భాగానికే పరుగెత్తుతారు. నువ్వు గేటు తీయగానే అక్కడికి చేరేసరికి క్యూ నిండి ఉంటుంది. మీ ఇద్దరికీ ఉదయం సఫారీయే మంచిది. నూటపది ఎకరాలు, ఇరవై నిమిషాల దాకా పడుతుంది. చల్లపూట జంతువులు లేచి తిరుగుతుంటాయి. మేం వెళ్ళినప్పుడు ఒక జిరాఫీ రోడ్డు మధ్యలో వచ్చి నిలబడింది. డ్రైవర్ ఇంజిన్ నెమ్మది చేసి ఆగాడు. దాని కనురెప్పల వెంట్రుకలు నాకు చేతికి అందేంత దగ్గరగా కనిపించాయి. మా వారు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారు, ఆయన కూడా అప్పుడు ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

ఒక్కమాట:
చివర్లో అంటే మూసే టైమ్‌కి కొంచెం ముందు. అప్పటికి లైన్లో ఉంటే చాలు, ఎక్కనిస్తారు.

టాంపా_వాసి:
ఇద్దరూ మార్చి మార్చి ఎక్కే పద్ధతి ఉంది కదా, రైడర్ స్విచ్. ఆయన ఎక్కి వచ్చాక ఆమె ఎక్కొచ్చు.

పదకోశం:
అది ఎత్తు సరిపోని పిల్లలున్నవాళ్ళకి. పిల్లాడిని ఒంటరిగా వదలకుండా తల్లిదండ్రులు వంతులవారీగా ఎక్కడానికి పెట్టారు. ఇద్దరూ పెద్దవాళ్ళే కాబట్టి వీళ్ళకి అది వర్తించదు.

పక్షిమిత్ర:
ఆయన ఎవరెస్ట్ ఎక్కేటప్పుడు ఆమె బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకోనక్కర్లేదు. దగ్గర్లోనే మహారాజా జంగిల్ ట్రెక్ ఉంది. నడుచుకుంటూ పులుల్ని చూడొచ్చు, ఎగిరే పక్షుల మధ్యకి వెళ్ళొచ్చు. ఆ ప్రాంతానికి వాళ్ళు పెట్టిన పేరు ఆనందపూర్. గోడల మీద రాతలూ జెండాలూ చూస్తే మనవాళ్ళకి ఎక్కడికో వెళ్ళినట్టు ఉండదు. పక్షులశాలలో మాత్రం గబగబా నడిచేయకండి. ఒకచోట కదలకుండా ఐదు నిమిషాలు నిలబడితే అవే బయటికి వస్తాయి.

ఓర్లాండో_అక్క:
శాకాహారులైతే పండోరాలో సతూలీ క్యాంటీన్‌లో టోఫుతో గిన్నె భోజనం దొరుకుతుంది. రాత్రికి ఓపికుంటే యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్‌లో సనా అని హోటల్ ఉంది, నాన్‌లూ కుల్చాలూ రకరకాల పచ్చళ్ళతో ఇస్తారు. వెలుగుండగా వెళ్తే కిటికీలోంచి జీబ్రాలు మేస్తూ కనిపిస్తాయి. లాడ్జ్ పార్క్ బయట ఉంటుంది, దానికి పార్క్ టికెట్ అక్కర్లేదు.

టాంపా_వాసి:
తిరిగి టాంపాకి రాత్రి డ్రైవ్ చేయాలి, మర్చిపోకండి. రోజంతా నడిచాక నిద్రొస్తుంది.

కొత్తకాపురం:
పేరు వచ్చేసిందక్కా! ఆమె ఇంకా మేలుకునే ఉంది. టికెట్ నంబర్ ఎక్కించి నేను పంపింది ఒప్పుకోగానే కనిపించింది. మల్టీ పాస్‌లో సఫారీకి ఉదయం టైమే దొరికింది. నావీ పడవ కూడా పెట్టా. ఫ్లైట్ ఆఫ్ ప్యాసేజ్ సింగిల్ పాస్ నాకొక్కడికే తీసుకోనా వద్దా అని ఆలోచిస్తున్నా, ఆమె మాత్రం వెళ్ళమంటోంది. గిబ్బన్ల మాట చెప్తే ముందు అక్కడికే వెళ్దామంటోంది. థాంక్స్ అందరికీ. పడుకుంటా.

ఓర్లాండో_అక్క:
మధ్యాహ్నం వాన పడొచ్చు, రెండు రెయిన్ కోట్లు పెట్టుకోండి. ఉరుములొస్తే బయటి రైడ్‌లు ఆపేస్తారు.

పదకోశం:
ఎవరెస్ట్‌కి సింగిల్ రైడర్ క్యూ ఈ వారం తెరిచి ఉందా? వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆయన బయల్దేరేలోపు చెప్పండి.