జీన్ ఆట్రీకి పేరు తెచ్చింది నటనా, గొంతా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
నమస్కారం. కౌబాయ్ అంటే తుపాకీ, టోపీ తప్ప మరేమీ ఎరుగని నాకు, గిటారు వాయిస్తూ పాడే కౌబాయ్ కథానాయకుడొకరు అమెరికాలో పెద్ద తారగా వెలిగారని, గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసులో పనిచేసిన మా పెదనాన్నగారు చెప్పారు. జీన్ ఆట్రీ నటన వల్ల ఎదిగారా, గొంతు వల్లనా?

జవాబు 1 (బ్రాడీపేట, గుంటూరు):
గొంతు వల్లనేనండి, అదీ సినిమాల కన్నా ముందు రేడియోలో. 1907లో టెక్సాస్‌లోని టియోగా దగ్గర పుట్టి, ఓక్లహామాలో రైల్వే టెలిగ్రాఫ్ ఉద్యోగం చేసిన ఆయన, 1929 నుంచి గ్రామఫోను రికార్డులిస్తూ, షికాగోలోని డబ్ల్యుఎల్ఎస్ రేడియో ద్వారా పల్లె శ్రోతలకు దగ్గరయ్యారు. 1934లో ఒక చిత్రంలో చిన్న వేషం వేశారు. మరుసటి ఏడాదికే హాళ్ళలో ఆడే 12 భాగాల సినిమా సీరియల్‌లో కథానాయకుడయ్యారు. నటన అంతంత మాత్రమేనని నా అభిప్రాయం. ఈలపాట రఘురామయ్యగారి కృష్ణ వేషానికి మన జనం దేనికోసం వెళ్ళేవారో, ఈయన చిత్రాలకు అక్కడివారూ అందుకే వెళ్ళేవారు.

జవాబు 2 (గవర్నర్‌పేట, విజయవాడ):
గొంతు ఒక్కటే అంటే నేను ఒప్పుకోను. వ్యాపార దక్షత కూడా ఉంది. ఆయన చిత్రాలు తీసిన రిపబ్లిక్ సంస్థ, ఆట్రీ చిత్రం కావాలన్న హాళ్ళవారికి తమ ఇతర చిత్రాలను కూడా అంటగట్టేది. మీ పెదనాన్నగారికి ఈ పద్ధతి గురించి వేరే చెప్పనక్కరలేదు. ఆ పద్ధతి మీద, పారితోషికం మీద పేచీ వచ్చి 1938లో ఆయన షూటింగుకు రాకపోవడంతో, సంస్థ రాయ్ రోజర్స్‌ను కథానాయకుడిగా నిలబెట్టింది. ఆట్రీ రాజీపడి తిరిగి వచ్చినా పోటీదారు మాత్రం మిగిలిపోయాడు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత కొలంబియా చిత్ర సంస్థకు మారి, సొంత నిర్మాణ సంస్థ పెట్టి, టెలివిజన్‌లోనూ ముందే అడుగుపెట్టారు. 1961లో బరిలోకి దిగిన లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ బేస్‌బాల్ జట్టుకు యజమాని కూడా ఆయనే.

జవాబు 3 (అరండల్‌పేట, గుంటూరు):
మన దేశంతో ముడిపడిన సంగతి ఒకటుంది. 1942లో, మంచి రాబడి ఉన్న రోజుల్లోనే సైన్యంలో చేరి, భారత-బర్మా-చైనా రంగంలో సరుకు విమానాలు నడిపారు. పాటల విషయానికి వస్తే, 1949 నాటి క్రిస్మస్ పాట ‘రుడాల్ఫ్ ది రెడ్-నోస్డ్ రెయిన్‌డీర్’ పాడడానికి మొదట ఆయనకు మనసొప్పలేదు. ఆయన భార్య ఐనా మే పట్టుబట్టడం వల్లనే పాడారు. అది ఆయన రికార్డులన్నింటిలోకీ ఎక్కువగా అమ్ముడుపోయింది. సినిమా, టెలివిజన్, రేడియో, రికార్డులు, ప్రత్యక్ష ప్రదర్శన అనే ఐదు విభాగాలలోనూ హాలీవుడ్‌లో ప్రముఖుల పేర్లతో నక్షత్రాలు పొదిగిన కాలిబాట ‘వాక్ ఆఫ్ ఫేమ్’లో నక్షత్రం ఉన్నది ఆయనొక్కరికే. 1998లో కన్నుమూశారు. వినదలిస్తే చిత్రాల కన్నా ముందు, 1940 నుంచి 1956 దాకా నడిచిన ‘మెలొడీ రాంచ్’ రేడియో కార్యక్రమంతో మొదలుపెట్టండి.