మిల్లుకు రాసిచ్చిన సాఫ్ట్‌వేర్: డబ్బు ఇచ్చినవారిదా, కోడ్ రాసినవారిదా?

ప్రశ్న (హనుమకొండ)

మిత్రులకు నమస్కారం. నేను ఏ కంపెనీలోనూ ఉద్యోగం చేయకుండా ఫ్రీలాన్స్ డెవలపర్‌గా పనిచేస్తున్నాను. పోయిన పత్తి సీజనులో జమ్మికుంట వైపు ఒక జిన్నింగ్ మిల్లుకు కాంటా తూకం, తేమ శాతాన్ని బట్టి ధరలో కోత, తక్‌పట్టీల (రైతుకిచ్చే తూకం, ధర చీటీల) ముద్రణ, రైతుల చెల్లింపులు అన్నీ ఒకేచోట చూపే ప్రోగ్రాం రాసిచ్చాను. ఒప్పుకున్న 80,000 రూపాయలు పూర్తిగా అందాయి. కాగితం మీద మాత్రం ఏమీ రాసుకోలేదు. ఇప్పుడు పరకాల దగ్గరి మరో మిల్లువారు అటువంటిదే అడుగుతుంటే, మొదటి మిల్లు యజమాని ‘డబ్బులిచ్చింది మేము, కోడ్ మాది, ఇంకెవరికీ ఇవ్వొద్దు’ అంటున్నారు. అందులో సగానికి పైగా నేను నాలుగేళ్లుగా ప్రతి పనిలోనూ వాడుకుంటున్న కోడే. హక్కు ఎవరిది?

జవాబు 1 (వరంగల్, న్యాయవాది)

1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంను సాహిత్య రచనల కిందే లెక్కిస్తుంది. 17వ సెక్షన్ ప్రకారం రాసినవారే తొలి హక్కుదారు. ఉద్యోగి తన ఉద్యోగ ధర్మంగా రాస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు ఉద్యోగమిచ్చినవారికి చెందుతుంది గానీ, మీరు ఆ మిల్లు ఉద్యోగి కారు. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో విషయంలో చట్టం డబ్బిచ్చినవారి వైపు మొగ్గుతుంది. ఆ మినహాయింపులో ప్రోగ్రాంలు లేవు. హక్కు బదిలీ కావాలంటే, 19వ సెక్షన్ ప్రకారం, మీరు సంతకం చేసిన రాతపూర్వక పత్రం ఉండాలి. అది లేదు కనుక హక్కు మీ దగ్గరే ఉంది. అయితే డబ్బు తీసుకుని ఇచ్చిన ప్రోగ్రాంను మిల్లు యజమాని తన మిల్లులో వాడుకోవడాన్ని, బ్యాకప్ కాపీ ఉంచుకోవడాన్ని మీరు అడ్డుకోలేరు.

జవాబు 2 (కరీంనగర్, రైస్ మిల్లు నిర్వాహకుడు)

చట్టం సంగతి ఒప్పుకుంటాను, కానీ ఆ మిల్లు యజమాని భయాన్ని కూడా అర్థం చేసుకోండి. మాకు ప్రోగ్రాం రాసిన అబ్బాయి హైదరాబాద్ వెళ్లిపోయాక, ధాన్యం కొనుగోళ్లు జోరుగా సాగుతున్న రోజుల్లో బిల్లింగ్ ఆగిపోయింది. సోర్స్ కోడ్ (మార్పులు చేయడానికి కావలసిన అసలు కోడ్) మా దగ్గర లేకపోవడంతో వేరేవాళ్లెవరూ దాన్ని ముట్టుకోలేకపోయారు. ఆ యజమాని అడుగుతున్నది యాజమాన్యమే అయినా, ఆయనకు నిజంగా కావలసింది పని ఆగదన్న భరోసా కావచ్చు. సోర్స్ కోడ్ కాపీ ఇచ్చి, తన మిల్లు కోసం ఎవరితోనైనా మార్పించుకోవచ్చని రాసివ్వండి.

జవాబు 1 (కొనసాగింపు)

ఈ సలహా మంచిది. ఆయన మిల్లు కోసమే రాసిన భాగాన్ని మాత్రం బదిలీ చేసి, మీ పాత కోడ్‌ను వాడుకునే అనుమతి ఇచ్చినా సరిపోతుంది. అప్పుడు అది ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి వర్తిస్తుందో తప్పక రాయండి; కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మేరకేనని భావిస్తుంది. ఇంకొక మాట గట్టిగా చెప్పాలి: కోడ్ మీదైనా, అందులోకి చేరిన రైతుల వివరాలు, ఆ మిల్లు ధరల లెక్కలు మీవి కావు. వాటిలో ఒక్క వరుస కూడా పరకాలకు వెళ్లకూడదు. మీరు వాడిన ఓపెన్ సోర్స్ లైబ్రరీల (ఇతరులు రాసి అందరూ వాడుకునేందుకు షరతులతో ఇచ్చిన కోడ్) లైసెన్సు షరతులు కూడా చూసుకోండి, మీవి కానివాటిని బదిలీ చేసే అధికారం మీకు లేదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. కోడ్ తమదేనని ఆయన ఎందుకు పట్టుబడుతున్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆదివారం జమ్మికుంట వెళ్లి అడుగుతాను. అనుమతి పత్రం రెండు ప్రతులు రాసుకుని తీసుకెళ్తాను. పరకాల వారితో మాత్రం ముందే కాగితం రాసుకున్నాకే పని మొదలుపెడతాను.