ఆడవాళ్ళ ట్రిప్పులు ఇంత తక్కువ ఎందుకొస్తున్నాయి? ఎవరైనా చెప్పండి ప్లీజ్

హిందూపురం హారిక:
అందరికీ నమస్తే. పొద్దున్నుంచీ ఎక్సెల్ ముందర కూర్చుని తల పగిలిపోతాంది. సిటీ ప్లానింగ్ థీసిస్, బెంగళూరులో ఒక వార్డు. ఎవరెక్కడికి పోతారని ఇంటింటికీ పోయి అడిగిన సర్వే డేటా చేతికిచ్చారు, పివట్ (ఎక్సెల్‌లో లెక్కలు కూడే పట్టిక) వేస్తే ఆడవాళ్ళ ట్రిప్పులు మగవాళ్ళ దాంట్లో సగం కూడా రావట్లా. బ్లాంకులు తీసేసి చూసినా, మళ్ళీ మొదట్నుంచి వేసినా అదే. గైడేమో "ఆడవాళ్ళు తక్కువ తిరుగుతారమ్మా, అదే రాసెయ్" అంటారు. పొద్దున ఆ వీధిలో నిలబడితే నడిచేదంతా ఆడవాళ్ళే! రేపు రివ్యూ.

డేటా దొర:
నడక ఉందా?

హిందూపురం హారిక:
ఏ నడక అన్నా?

డేటా దొర:
నడిచి పోయిన ట్రిప్పులు. ఫారంలో ఏం అడిగారో పెట్టు.

విజయనగర్ రెడ్డి:
అమ్మా, ఈ సర్వేలు గిర్వేలు పక్కనబెట్టి ముందు శక్తి పథకం గురించి రాయి. 2023 జూన్ 11 నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకి మామూలు సర్కారు బస్సుల్లో ఫ్రీ, సంతోషమే, కానీ కర్ణాటక అడ్రస్ ఉన్న కార్డు చూపించాల, మన అనంతపురం నుంచో చిత్తూరు నుంచో వచ్చి ఇక్కడే ఏళ్ళ తరబడి అద్దెకుంటా పని చేసే ఆడపిల్ల ఆధార్ మార్చుకోకపోతే డబ్బు పెట్టి టికెట్ కొనాల్సిందే, దీని గురించి ఎవురూ మాట్లాడరు.

పెరంబూరు బాబాయ్:
మా చెన్నైలో ఆ గొడవే లేదు రెడ్డిగారూ. 2021 మే నుంచి ఇస్తున్నారు, ఏ ఊరు, ఏ కార్డు అని అడగరు. ట్రాన్స్‌జెండర్లకీ ఉంది. గులాబీ రంగు బస్సు వస్తే ఎక్కేయడమే.

విజయనగర్ రెడ్డి:
డీలక్స్ ఎక్కనిస్తారా మరి?

పెరంబూరు బాబాయ్:
మామూలు టౌన్ బస్సులే. మీ దగ్గర మాత్రం ఏసీ వజ్ర బస్సుల్లో ఫ్రీనా ఏంటి?

డేటా దొర:
ఫారం.

హిందూపురం హారిక:
ఫోటో పెట్టకూడదు, గైడ్ ఒప్పుకోరు. "నిన్న మీ ఇంట్లో ఎవరెవరు ఎక్కడికి పోయారు" అని ఇంటి పెద్దని అడిగారు. అర కిలోమీటరు లోపు నడక రాయొద్దని సర్వేవాళ్ళకి చెప్పారంట. ఎందుకు పోయారు అన్నదానికి పని, చదువు, ఇతరం, అంతే. ఇదంతా మామూలే కదా అని చెప్పలా.

డేటా దొర:
😐

సిరి (ట్రాఫిక్ సర్వేలు చేస్తా):
హారికా, నీ పివట్‌లో ఏం లేదు, ఫారంలోనే ఉంది అంతా. ఆయన తొమ్మిదికి పోయి రాత్రికొస్తాడు, మధ్యలో ఆమె పిల్లని బడిలో దింపిందా, అంగన్‌వాడీకి పోయిందా, రేషన్ షాపు లైన్లో నిలబడిందా ఆయనకేం తెలుసు, "ఇంట్లోనే ఉంది" అంటాడు. ఆ పోయేవి కూడా చాలామటుకు అర కిలోమీటరు లోపలే, కాబట్టి ఆయన చెప్పినా సర్వేవాళ్ళు రాయరు. ఇంకోటి, పిల్లని దింపేసి అటునుంచటే పనికి పోతే రెండు ట్రిప్పులు కలిపి "పని" అని ఒకటే వేసుంటారు, విడిగా దింపొస్తే "ఇతరం" లోకి తోసేసుంటారు. సెన్సస్‌తో సరిచూద్దామనుకుంటే 2011 బి-28 టేబుల్ ఉంది, ఆడ మగ విడివిడిగా, దూరం, దేంట్లో పోతారు అన్నీ ఉంటాయి, కానీ అది పనికి పోయే రాకపోకలు మాత్రమే, అందులోనూ వ్యవసాయం, ఇంటి పరిశ్రమ వాళ్ళని వదిలేసిన "ఇతర కార్మికులు". బడి, ఆసుపత్రి, కూరగాయలు ఏవీ ఉండవు.

సూర్య కె:
ఒక్క నిమిషం మేడం, పాలప్యాకెట్ తేవడం కూడా ట్రిప్పేనా? అట్లైతే నేను టీకి కిందకి పోయేదీ రాసుకోండి 😂

డేటా దొర:
ఒక పని మీద ఒక చోటు నుంచి ఇంకో చోటుకి పోతే ట్రిప్. మధ్యలో బండి మారితే అది స్టేజ్, వేరే ట్రిప్ కాదు.

సూర్య కె:
సరే, పిల్లల్ని మగవాళ్ళూ దింపుతారు. నేనే దింపుతా. ఆడవాళ్ళ లెక్క ఒక్కటే తప్పని ఎలా అంటారు?

సిరి:
దింపుతారు, మీ ట్రిప్పు కూడా ఆ "ఇతరం" లోనే పోయింది, మీక్కూడా నష్టమే. కానీ ఎవరికెక్కువ అంటే 2019 టైమ్ యూజ్ సర్వే (రోజులో ఎవరి టైమ్ దేనికి పోతుందని సర్కారు తీసిన లెక్క) చూడండి, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో సగటున ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97.

సూర్య కె:
అది ఇంట్లో పని, రోడ్డు మీద కాదు కదా.

సిరి:
ఆ ఐదు గంటలు పోగా మిగిలిన టైమ్‌లోనే కదండీ పనికి పోయి రావాల. అందుకే దగ్గర్లో, జీతం తక్కువైనా నడిచిపోయే ఉద్యోగం చూసుకుంటారు. మనం అది చూసి "డిమాండ్ లేదు" అని ఆ రూట్లో మధ్యాహ్నం బస్సు తీసేస్తాం.

సూర్య కె:
అంతా మగవాళ్ళ మీదకే వస్తుంది లెండి.

హిందూపురం హారిక:
అక్కా, అంటే ఆడవాళ్ళ లెక్కని ఏదో ఒక దాంతో గుణించేస్తే సరిపోతుందా?

సిరి:
వద్దు, ఎంతతో గుణిస్తావ్? ఉన్న డేటాని పెద్ద ట్రిప్పులకి మాత్రమే వాడుకో, అర కిలోమీటరు సంగతి, ఇంటి పెద్ద సంగతి రిపోర్ట్‌లో ముందుపేజీల్లోనే రాసెయ్. టైముంటే కొన్ని ఇళ్ళకి పోయి ఆమెనే అడుగు, ఇంట్లో వేరేవాళ్ళు పక్కన లేనప్పుడు, లేచినప్పట్నుంచి గంట గంటా. చేతిలో ఏముంది, వెంట ఎవరున్నారు, ఎంతసేపు నిలబడింది, ఏ సందులో చీకటని చుట్టు తిరిగిపోయింది. "ఆడవాళ్ళు" అని ఒక్క వరస వెయ్యొద్దు, చిన్నపిల్లలున్న తల్లి వేరు, కాలేజీ పిల్ల వేరు, అత్తగారు వేరు.

డేటా దొర:
శక్తి జీరో టికెట్ (ఫ్రీగా ఎక్కే ఆడవాళ్ళకిచ్చే సున్నా రూపాయల టికెట్) లెక్క కూడా అడుగు. ఒకామె రెండు బస్సులు మారితే రెండు టికెట్లు, అది చూసుకో.

విజయనగర్ రెడ్డి:
నేను మొదట్నుంచీ చెప్తాండేది అదే! ఇంతకీ ఏ వార్డమ్మా?

హిందూపురం హారిక:
బొమ్మనహళ్ళి పక్కన సార్.

విజయనగర్ రెడ్డి:
హోసూరు రోడ్డు గార్మెంట్స్ జనమా! అక్కడ మన సీమ ఆడపిల్లలూ ఉంటారు, వాళ్ళ కార్డులు ఊరి అడ్రస్‌తోనే ఉంటే కష్టం. అట్లాంటోళ్ళు నీ జీరో టికెట్లో ఉండనే ఉండరు. ఈ మాట పొద్దున్నే చెప్పుంటే సరిపోయేది.

పెరంబూరు బాబాయ్:
అందుకే చెన్నై పద్ధతి మేలంటున్నా.

హిందూపురం హారిక:
థాంక్స్ అందరికీ. గైడ్‌కి మెసేజ్ పెట్టా, "చూద్దాం" అన్నారు. సిరి అక్కా, ఆ గంటగంటా అడిగే ఫారం శాంపిల్ ఉంటే పంపుతారా?

పెరంబూరు బాబాయ్:
రెడ్డిగారూ, ఆ వజ్ర సంగతికి జవాబివ్వలేదు మీరు.