పండుగప్పకు సీసం గుండా, టంగ్‌స్టన్ గుండా?

కొత్తగాలం (పెరంబూరు):
అమెరికావాళ్లు బాస్ చేపకు వాడే పద్ధతులనే నేను ముట్టుకాడు, కోవలం ఉప్పుటేరుల్లో పండుగప్ప మీద వాడుతున్నాను. టెక్సస్ రిగ్ (ఎరకు ముందు దారం మీద జారే బుల్లెట్ ఆకారపు గుండు), అప్పుడప్పుడు డ్రాప్‌షాట్ (దారం చివర గుండు, దానికి కాస్త పైన కొక్కెం). గుండ్లన్నీ సీసానివే. టంగ్‌స్టన్‌కు మారమని దుకాణంలో ఒకటే పోరు. ధర వింటే కళ్లు తిరిగాయి. పట్టుకెళ్లిన గుండ్లలో సగం ఆలిచిప్పల మధ్య ఇరుక్కుని పోయే చోట అంత డబ్బు పెట్టడం తెలివైన పనేనా? ఇంకో సంగతి, నా డబ్బాలో గుండ్లన్నీ కలగాపులగంగా ఉన్నాయి. బరువును బట్టి సర్దుకోవాలా, రిగ్‌ను బట్టి సర్దుకోవాలా?

సీసమేచాలు:
మొదటి ప్రశ్నకు నా పేరే జవాబు. చేప నోట్లోకి వెళ్లేది ఎర, గుండు కాదు. మన జాలర్లు తరతరాలుగా వలకు కట్టింది సీసమే, వాళ్లకు చేపలు తక్కువ పడ్డాయా? టంగ్‌స్టన్ వల్ల లాభం అమ్మేవాడికే. పైగా దారానికి నొక్కి బిగించే స్ప్లిట్ షాట్ టంగ్‌స్టన్‌తో చేయండి చూద్దాం. పంటితో కొరికితే పన్ను ఊడుతుంది.

లెక్కలమాస్టారు:
స్ప్లిట్ షాట్ సంగతి నిజమే, దానికి మెత్తని లోహమే కావాలి. మిగతాది మాత్రం తొందరపాటు. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు. స్వచ్ఛమైన టంగ్‌స్టన్‌ది 19.3. గాలం గుండ్లు మిశ్రమ లోహంతో చేస్తారు కాబట్టి 17, 18 అనుకోండి. అంటే అదే బరువుకు టంగ్‌స్టన్ గుండు సీసపు గుండులో మూడింట రెండు వంతులే ఉంటుంది. మడచెట్ల వేళ్ల మధ్య, నాచులో దూరాల్సి వచ్చినప్పుడు ఆ తేడా తెలుస్తుంది.

సీసమేచాలు:
మాస్టారూ, చేపకు ఘన సెంటీమీటర్లు తెలియవు.

కోవలంకెరటం:
చేపకు తెలియకపోవచ్చు, చేతికి తెలుస్తుంది. నేను వాడేది సన్నటి బ్రెయిడ్ లైను, అంటే పోగులు అల్లిన దారం. సీసం మెత్తన, అడుగున తగిలిన దెబ్బను తనలోనే మింగేస్తుంది. టంగ్‌స్టన్ గట్టిది. బురద మీద లాగుతుంటే రాడ్‌లో ఏమీ ఉండదు, గుండు చిప్పల మీదికి రాగానే టకటకమని వేళ్లకు తగులుతుంది. పండుగప్ప పొంచి ఉండేది సరిగ్గా ఆ బురద, చిప్పలు కలిసే అంచున. ఆ అంచు దొరికితే సగం పని అయినట్టే.

కానీ కొత్తగాలం గారూ, మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న లోహం గురించి కాదు, బరువు గురించి. పండుగప్ప చాలాసార్లు ఎర కిందికి జారుతుండగానే అందుకుంటుంది. లోతు తక్కువ, నీరు నిలకడ అయితే 3.5 లేదా 5 గ్రాములు చాలు, ఎర నెమ్మదిగా దిగుతుంది. మొగ దగ్గర పోటు లాగుతుంటే అదే గుండు అడుగు తాకకుండానే కొట్టుకుపోతుంది, అక్కడ 14 గ్రాములకు తగ్గకూడదు. అడుగును తాకుతూ ఉండే గుండ్లలో అతి తేలికైనది ఏదో అదే సరైనది. ఇది తేల్చుకోకుండా టంగ్‌స్టన్ కొంటే ఖరీదైన తప్పు చేస్తారు, అంతే.

సీసమేచాలు:
బరువు గురించి ఒప్పుకుంటాను. అందుకే సీసం అంటున్నాను. పాత గుండ్లు కరిగించి కావలసిన బరువుకు ఇంట్లోనే పోసుకోవచ్చు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఒక గరిటె, అచ్చు, స్టవ్వు ఉంటే చాలు. టంగ్‌స్టన్‌కు 3,400 డిగ్రీలు దాటాలి. పోయండి మరి!

వేళచ్చేరి_రాడ్:
అన్నయ్యా, ఆ స్టవ్వు ఏ వంటింట్లోదో కాస్త చెప్పండి. నాకు ఇద్దరు పిల్లలు, అపార్ట్‌మెంటు ఇల్లు. సీసపు పొగ, పైన తేలే మడ్డి, నేల మీద పడే పొడి ఎక్కడికీ పోవు. పిల్లల మెదడుకు సీసం ఎంత కొంచెమైనా మంచిది కాదు. తడి అచ్చులో కరిగిన సీసం పోస్తే ఆవిరి పుట్టి ముఖం మీదికి చిమ్ముతుంది కూడా. ఆరుబయట, ముఖానికి చేతులకు రక్షణతో చేసేవాళ్లు ఉంటారు, వాళ్ల గొడవ వేరు. గుండ్లు పట్టుకున్న చేత్తోనే పులిహోర పొట్లం విప్పేవాళ్లను ఎంతమందిని చూడలేదు!

సూళ్లూరుపేట:
నేను పులికాట్ పక్షాన మాట్లాడతాను. నీటి పక్షులు మేత నూరుకోవడానికి చిన్న రాళ్లు మింగుతాయి, వాటితో పాటు సీసం గుండ్లనూ మింగుతాయి. బ్రిటన్‌లో హంసలు అలా చచ్చిపోతుంటే 1987లో సీసం గుండ్ల అమ్మకాన్ని నిషేధించారు. తర్వాత హంసల సంఖ్య పెరిగింది. మన సరస్సుకు శీతాకాలంలో ఎన్ని బాతులు వస్తాయో మీకు తెలుసు.

సీసమేచాలు:
అది ఆవగింజంత షాట్ గురించి. నా 14 గ్రాముల గుండును ఏ బాతు మింగుతుంది?

సూళ్లూరుపేట:
ఆ నిషేధం 0.06 గ్రాముల నుంచి 28.35 గ్రాముల వరకు, అంటే దాదాపు ఒక ఔన్సు దాకా. మీ 14 గ్రాముల గుండు దాని నడిమధ్యన ఉంది. డెన్మార్క్ అయితే 2002 నుంచి గాలానికి వాడే సీసాన్ని దాదాపు పూర్తిగానే ఆపేసింది.

సీసమేచాలు:
ఇక్కడ చట్టం లేదు కదా.

సూళ్లూరుపేట:
బాతులు మాత్రం ఉన్నాయి.

లెక్కలమాస్టారు:
వాదం వేడెక్కింది కాబట్టి రెండో ప్రశ్నకు వెళదాం, దాన్ని అందరూ మరిచిపోయారు. బరువును బట్టే సర్దండి, అదీ గ్రాముల్లో. ప్యాకెట్ల మీద ఔన్సులు ఉంటాయి. 3/16 పెద్దదా, 1/4 పెద్దదా అని తెల్లవారుజామున చీకట్లో లెక్కలు వేయడం నా వృత్తికే అవమానం. 1/8 అంటే 3.5, 3/16 అంటే 5.3, 1/4 అంటే 7, 3/8 అంటే 10.6, 1/2 అంటే 14. గడి మూత మీద గ్రాములు రాసి, ఒక్కో బరువుకు ఒక్కో రంగు గోళ్లరంగు చుక్క పెట్టండి. సాఫ్ట్ ప్లాస్టిక్ ఎరలను ఇదే డబ్బాలో పెట్టకండి, కొన్ని రకాల డబ్బాలు వాటి తాకిడికి కరిగి జిగురుగా అంటుకుపోతాయి.

టంగ్‌స్టన్ పేరుతో అంటగట్టేది నిజమో కాదో చూడాలంటే బంగారం తూచే చిన్న డిజిటల్ త్రాసు చాలు. దాని మీద గ్లాసుడు నీళ్లు పెట్టి సున్నా చేయండి. గుండును దారంతో పూర్తిగా నీళ్లలో ముంచండి, అడుగు, అంచులు తాకకూడదు. త్రాసు చూపేది గుండు పక్కకు నెట్టిన నీటి బరువు. 14 గ్రాముల గుండుకు అది 0.8 దగ్గర చూపితే టంగ్‌స్టన్. 1.2 అయితే సీసం. 1.8 అయితే రంగు వేసిన ఉక్కు, అది ఉప్పునీటిలో తుప్పు పడుతుంది.

కోవలంకెరటం:
టంగ్‌స్టన్ కొంటే రంధ్రం అంచును దారంతో పరీక్షించండి. అంచు కరుకుగా ఉంటే లైను కోస్తుంది. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్నవి మేలు.

సర్దడంలో మాత్రం మాస్టారితో పూర్తిగా ఏకీభవించను. బుల్లెట్లు, డ్రాప్‌షాట్‌వి ఒకే గడిలో వేస్తే పడవలో వెతుకులాట తప్పదు. ముందు ఆకారం, ఆ తర్వాత బరువు. డ్రాప్‌షాట్‌లో కూడా బోడి నేలకు గుండ్రటివి, రాళ్లకు చిప్పలకు సన్నటి పొడుగువి.

కొత్తగాలం:
నిర్ణయం: టెక్సస్ రిగ్‌కు 5, 7 గ్రాముల టంగ్‌స్టన్ కొంచెం కొంటాను. చిప్పల దగ్గర డ్రాప్‌షాట్‌కు సీసమే, గుండు పోయినా గుండె ఆగకుండా. సూళ్లూరుపేట గారు క్షమించాలి.

సూళ్లూరుపేట:
క్షమించను. పోయే చోటే సీసం వాడతానంటే నీటిలో మిగిలేదంతా సీసమే. కనీసం అక్కడ ఉక్కు వాడండి. పోయే గుండుకు తుప్పు పడితే నష్టమేమిటి?

వేళచ్చేరి_రాడ్:
గుండు పోకుండా చూసుకోవడం ఇంకా నయం. డ్రాప్‌షాట్‌లో కొక్కెం కింది ముక్కను లీడర్ (లైను చివర కొక్కెం కట్టే దారం) కన్నా బలహీనమైన సన్న దారంతో కట్టండి. ఇరుక్కుంటే ఆ ముక్కే తెగుతుంది, ఎర, కొక్కెం వెనక్కి వస్తాయి.

సీసమేచాలు:
అలా తెగితే గుండు పోయినట్టే కదమ్మా!

వేళచ్చేరి_రాడ్:
గుండుతో పాటు ఎర, కొక్కెం, లీడర్ కూడా పోవడం కన్నా నయం కదా అన్నయ్యా. లీడర్ 20 పౌండ్ల లాగుడు ఓర్చేదైతే కింది ముక్క 8 పౌండ్లది చాలు. ముడి వేయకుండా గుండుకున్న క్లిప్పులో దారం నొక్కి వదిలేస్తే, గట్టిగా లాగినప్పుడు గుండు జారిపోతుంది, దారం ముక్క నీటిలో మిగలదు.