పసుపు చీర ఫ్రేము నిండితే గోడ నీలంగా ఎందుకు వస్తోంది? (వైట్ బ్యాలెన్స్)

ప్రశ్న:
గత నెలలో జరిగిన మా చెల్లెలి పెళ్లికి వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురు ఎలా ఉన్నా తెలుపు తెల్లగా వచ్చేలా రంగులను సరిచేసే కెమెరా అమరికను) ఆటోలో ఉంచి, అన్నీ జేపెగ్ ఫొటోలుగానే తీశాను. మంగళస్నానాలప్పుడు పెరట్లో వేపచెట్టు నీడలో, సున్నం వేసిన గోడ ముందు తనను పీట మీద కూర్చోబెట్టారు. దగ్గరగా వెళ్లి, పసుపు చీర ఫ్రేము నిండేలా తీసిన ఫొటోలో గోడ నీలంగా, ముఖం పాలిపోయినట్టుగా వచ్చాయి. నిమిషం తర్వాత నాలుగడుగులు వెనక్కి జరిగి తీసిన దానిలో గోడ తెల్లగా, చీర నిండు పసుపుగా ఉన్నాయి. వెలుతురు మారలేదు. మరి రంగు ఎందుకు మారింది? ఇంకొక సందేహం కూడా ఉంది. నీడలోని వెలుతురు 7000 కెల్విన్ (వెలుతురు రంగును చెప్పే కొలమానం) ప్రాంతంలో, నీలి ఛాయతో ఉంటుందని చదివాను. కానీ కెమెరాలో 7000 పెడితే ఫొటో పసుపుకు తిరుగుతోంది. దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
మీ రెండో సందేహం తీరితే మొదటిది దానంతటదే తేలిపోతుందండి. కెమెరాలో మీరు పెట్టే సంఖ్య ఫొటోకు ఏ రంగు కావాలో చెప్పదు, అక్కడ పడుతున్న వెలుతురు ఎలాంటిదో చెబుతుంది. 7000 అనగానే వెలుతురులో నీలం ఎక్కువగా ఉందని నమ్మి, కెమెరా ఎరుపు విలువలను పెంచి, నీలాన్ని తగ్గిస్తుంది. నిజంగా నీడలోనే ఉంటే ఆ రెండూ సరితూగి తెలుపు తెలుపుగానే వస్తుంది. అదే సంఖ్యను 2700 కెల్విన్ దగ్గర వెలిగే ఫిలమెంట్ బల్బు కింద వాడితే, అసలే తక్కువగా ఉన్న నీలం మరింత తగ్గి, ఫొటో అంతా నారింజ రంగులో మునిగిపోతుంది. మన కళ్లు వెలుతురుకు అలవాటు పడతాయి కనుక బల్బు కింద కూడా పంచె తెల్లగానే కనిపిస్తుంది, కెమెరాలో వెలుతురును కొలిచే సెన్సారుకు ఆ అలవాటు లేదు.

ఆటోలో ఆ సంఖ్యను కెమెరాయే ఊహించుకోవాలి, దానికి ఉన్న ఆధారం ఫ్రేములోని రంగులు మాత్రమే. అన్ని రంగులూ కలిపి సగటు చూస్తే ఇంచుమించు బూడిద రంగు రావాలన్నది ఈ ఊహకు పాత పునాది. నేటి కెమెరాలు ఇంకా చాలా లెక్కలు వేసినా, ఒకే రంగు ఫ్రేమును కమ్మేసినప్పుడు తడబడుతూనే ఉంటాయి. మీ కెమెరా చీరలోని పసుపును వెలుతురులోని పసుపుగా పొరబడి, దానికి విరుగుడుగా నీలాన్ని పెంచింది. మీరు వెనక్కి జరిగేసరికి గోడ, నేల, ఆకులు లోపలికి వచ్చి లెక్క కుదిరింది. పసుపు, బంతిపూలు, అరటాకులు నిండిన మన పెళ్లిళ్లలో ఇలాంటి ఫ్రేములే ఎక్కువ కాబట్టి నేను అక్కడ ఆటోను వాడను. చెట్టు నీడలో షేడ్ సెట్టింగు పెట్టి, చోటు మారేవరకు కదపను. అప్పుడు రంగు కాస్త అటూ ఇటూ అయినా అన్నింటిలోనూ ఒకేలా ఉంటుంది, ఒక ఫొటోకు చేసిన దిద్దుబాటు మిగతా వాటికీ సరిపోతుంది.

రెండో సమాధానం:
పై వివరణతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేరుస్తాను. చాలామంది ఫొటోలోని ఏదో ఒక తెల్లటి వస్తువును చూపించి రంగులు సరిచేస్తారు, కానీ మన ఇళ్లలో తెలుపు అంత నమ్మదగినది కాదు. నీలిమందు పెట్టి ఉతికిన పంచెను తెలుపుగా చూపిస్తే సాఫ్ట్‌వేర్ అందులోని నీలాన్ని తీసేసి, ముఖాలను పసుపుకు తిప్పుతుంది. మధుపర్కం అంచుకు పూసిన పసుపు మీద నొక్కితే దీనికి వ్యతిరేకం జరుగుతుంది. సున్నంలో కూడా నీలిమందు కలిపే అలవాటు ఉంది కనుక మీ గోడను సైతం పూర్తిగా నమ్మలేం, అయితే రెండు ఫొటోల్లోనూ అదే గోడ కాబట్టి తేడా మాత్రం ఆటో వల్ల వచ్చిందే. ప్రతి చోటా మొదట ఒక గ్రే కార్డును (ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్టను) పెళ్లికూతురి ముఖం దగ్గర పట్టించి ఒక ఫొటో తీసుకోవడం మేలు.

ఇక నుంచి జేపెగ్‌కు బదులు రా (RAW) ఫైళ్లుగా, అంటే కెమెరా రంగులు దిద్దని ఫైళ్లుగా తీయండి. వాటిలో వైట్ బ్యాలెన్స్ ఒక గుర్తుగా మాత్రమే ఉంటుంది, సెన్సారు కొలిచిన విలువలు 12 లేదా 14 బిట్లలో, అంటే వేల మెట్లలో అలాగే మిగులుతాయి. జేపెగ్‌లో రంగుల విలువలను పెంచి తగ్గించే ఆ లెక్క ముందే జరిగిపోయి, ఒక్కో రంగుకు 256 మెట్లే మిగులుతాయి కాబట్టి ఎక్కువగా దిద్దితే చర్మం మీద మచ్చల్లాంటి అతుకులు తేలుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. రాత్రి మండపంలో బల్బుల వెలుతురు ఒక వైపు, వీడియో తీసేవారి తెల్లటి ఎల్‌ఈడీ లైటు మరో వైపు ఉండడంతో తన ఒక చెంప నారింజగా, రెండోది నీలంగా వచ్చింది. దీనికి ఏ సంఖ్య పెట్టి ఉండాల్సింది?

మొదటి సమాధానం ఇచ్చినవారు:
ఏ సంఖ్యా సరిపోదండి, ఎందుకంటే ఒక ఫొటో అంతటికీ ఒకే సంఖ్య వర్తిస్తుంది, అక్కడున్నవి రెండు రకాల వెలుతురులు. వీడియో వారిని అడిగి, ఆ లైటు రంగు మార్చగలిగేదైతే బల్బులకు దగ్గరగా 3200కు దించమనండి. లేదంటే దాని ముందు నారింజ జెల్ షీటు (లైటు రంగును మార్చే పారదర్శక రేకు) పెట్టించి, కెమెరాలో టంగ్‌స్టన్ (ఫిలమెంట్ బల్బుల) సెట్టింగు వాడండి. తీసేసిన ఫొటోలలో మాత్రం ముఖానికి ఎక్కువగా తగిలిన వెలుతురుకు రంగు సరిచేసి, రెండో చెంపను బ్రష్‌తో విడిగా దిద్దుకోవాలి. తలంబ్రాల ఫొటోలు నాలుగైదింటికి ఆ శ్రమ పడండి.