సబ్‌స్టేషన్ ఎర్త్ మ్యాట్ రీడింగ్ ఎక్కడా నిలకడగా రావడం లేదు

గుంటూరు దగ్గర నల్లరేగడి నేలలో ఉన్న 33/11 కేవీ సబ్‌స్టేషన్. ఎర్త్ మ్యాట్ (నేలలో పాతిన లోహపు వల) 40 × 30 మీటర్లు, అంటే కర్ణం 50 మీటర్లు. నాలుగు టెర్మినళ్ల డిజిటల్ ఎర్త్ టెస్టర్, 128 హెర్ట్జ్. సప్లై ఆపే వీలు లేదు.

మ్యాట్ అంచు నుంచి కరెంట్ స్పైక్ (టెస్టర్ కరెంటు నేలలో ప్రవహించడానికి పాతే కడ్డీ) 100 మీటర్ల దూరంలో పాతి, వోల్టేజ్ స్పైక్‌ను (వోల్టేజ్ కొలిచే కడ్డీ) అదే వరుసలో జరుపుతూ పోతే వచ్చినవి: 20 మీటర్ల దగ్గర 0.42 ఓం, 40 దగ్గర 0.55, 60 దగ్గర 0.76, 72 దగ్గర 0.93. చదునైన భాగమే లేదు, కాబట్టి కరెంట్ స్పైక్ దూరంలో 62 శాతం దగ్గరి రీడింగే మ్యాట్ రెసిస్టెన్స్ అనే సూత్రం ఇచ్చే అంకెను నమ్మలేను. స్లోప్ పద్ధతిలో (రీడింగులు పెరిగే తీరు నిష్పత్తిని పట్టికలో చూసే పద్ధతి) (0.76−0.55)/(0.55−0.42) సుమారు 1.6, ఆ పట్టిక చివరి అంచు. కరెంట్ స్పైక్ మరీ దగ్గరగా ఉందనే నా లెక్క.

నేల నెర్రెలిచ్చి ఉంది కాబట్టి స్పైకుల చుట్టూ ఉప్పునీళ్లు పోశాను, వైర్లను మీటరు ఎడంగా పరిచాను, ఫ్రీక్వెన్సీ మార్చాను. రెండో దశాంశం కదిలిందంతే. 33 కేవీ లైన్ ఎర్త్ వైరు మ్యాట్‌కు కలిసే ఉంది. లైన్ నడుస్తుండగా దాన్ని విప్పడం ప్రాణాలతో చెలగాటం, ఆ సలహా వద్దు.

ఉత్తరాన 140 మీటర్లకే కాలవ అడ్డం. తూర్పున డొంక వెంట 250 మీటర్లు దొరుకుతుంది గానీ పక్కనే 11 కేవీ లైన్. అందుకే కరెంట్ స్పైక్ తూర్పున, వోల్టేజ్ స్పైక్ ఉత్తరాన, 90 డిగ్రీల్లో పెడదామనుకుంటున్నా. ఈ అమరికలో 62 శాతం సూత్రం వర్తించదు కదా, మరి వోల్టేజ్ స్పైక్ ఎంత దూరంలో ఉన్నప్పటి రీడింగును మ్యాట్ రెసిస్టెన్స్‌గా తీసుకోవాలి?