సంచిక ఇంగ్లీషు పేజీలు: అచ్చుకు వెళ్ళే ముందు కోలన్ల సవరణ

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో మనవాళ్ళు జరుపుకోబోయే ఉత్తరాంధ్ర సాయంత్రం కోసం మీరు పంపిన ప్రూఫులను, ఇక్కడ విజయనగరంలో అచ్చుకు ఇచ్చే ముందు, రాత్రి కూర్చుని పూర్తిగా చదివాను. స్పెల్లింగులు చక్కగా ఉన్నాయి గానీ కోలన్ చాలాచోట్ల అక్కరలేకుండా వచ్చి కూర్చుంది.

ప్రదర్శనల పేజీలో "ది స్టాల్స్ ఇన్‌క్లూడ్: పొందూరు ఖాదీ, బుడితి ఇత్తడి సామాను, బొబ్బిలి వీణ" అని ఉంది. జాబితాకు ముందు కోలన్ పెట్టాలంటే, దాని ముందున్న మాటలు తమంతట తామే పూర్తి వాక్యం కావాలి. 'ది స్టాల్స్ ఇన్‌క్లూడ్' దగ్గర ఆగితే క్రియకు కర్మ దొరక్క వాక్యం సగంలో తెగిపోతుంది. అక్కడ కోలన్ తీసేస్తే చాలు, లేదా "వి హావ్ త్రీ స్టాల్స్:" అని వాక్యం ముగించి పేర్లు చెప్పవచ్చు. 'సచ్ యాజ్' తరువాత కూడా కోలన్ పెట్టకూడదు. 'వెన్యూ:', 'డేట్:' అనేవి వాక్యాలు కావు, శీర్షికలు కనుక వాటిని ముట్టుకోలేదు. అయితే బడిలో ఉత్తరాలు రాసేటప్పుడు మనందరికీ అలవాటైన, కోలన్ పక్కన అడ్డగీతను మాత్రం అన్నిచోట్లా తొలగించాను.

దాతలకు వెళ్ళే ఉత్తరంలో 'డియర్ స్పాన్సర్స్' తరువాత మనం నేర్చుకున్న కామా బ్రిటిష్ పద్ధతి. అమెరికాలో వ్యాపార ఉత్తరాలకు కోలన్ పెడతారు కనుక అలాగే మార్చాను.

తెలుగు పేజీ చూసి మాత్రం మనసు చివుక్కుమంది. కోట గురించిన వ్యాసంలో 'అంతఃపురం' అన్న మాటకు విసర్గ బదులు కోలన్ కొట్టారు. విసర్గ రెండు చిన్న సున్నాలు, కోలన్ రెండు చుక్కలు. పైగా విసర్గ మన అక్షరమాలలోది, విరామచిహ్నం కాదు. దయచేసి టైపు చేసేవారు కీబోర్డులో విసర్గనే వెతికి కొట్టండి.

— మాస్టారూ, "సిరిమానోత్సవం: ఏ ఫెస్టివల్ ఆఫ్ విజయనగరం" అన్న శీర్షికలో కోలన్ ముందు వాక్యం లేదు కదా, అదీ తీసేయాలా?

— అక్కర్లేదమ్మా. పేరుకూ ఉపశీర్షికకూ నడుమ కోలన్ సరైనదే. కోలన్ ముందు ఖాళీ వదిలారు, అది తీసి, తరువాత ఒక్క ఖాళీ ఉంచండి. శుక్రవారం సాయంత్రానికి పేజీలు తిరిగి పంపితే శనివారం ప్రెస్సుకు ఇచ్చేస్తాను.